ఆయుధ పూజనాడు సర్వర్లు లేవలేదు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే పదవీ విరమణ చేసి ఉండాలని, కనీసం చెవుల దగ్గరైనా జుట్టు నెరిసి ఉండాలని మా నాన్నగారి అభిప్రాయం. నాకు ఆ రెండు అర్హతలూ లేవు. అయితే మా వృత్తిలో మనిషి కంటే ముందు పనిముట్టు రిటైరవుతుంది. నేను చేరిన కొత్తలో నేర్చుకొని తీరాల్సిందేనన్న టూల్స్ పేర్లు ఇప్పుడు ఇంటర్వ్యూలో చెబితే ఎదుటివాళ్లు మర్యాదగా నవ్వుతారు. ఆ లెక్కన నేను ఇప్పటికే రెండు మూడుసార్లు రిటైరయ్యాను. కాబట్టి, ఈమధ్యే ఉద్యోగంలో చేరి, టీ దగ్గర నన్ను పట్టుకొని "అన్నా, కుబర్నెటీస్ మంచిదా, స్వార్మ్ మంచిదా?" అని అడుగుతున్న మీకోసం ఇది రాస్తున్నాను.

ముందు పరిభాష సంగతి తేల్చేద్దాం. ఒక ప్రోగ్రామునీ, అది నడవడానికి కావలసిన సరంజామానీ కలిపి ఒక పెట్టెలో సర్దితే దాన్ని కంటైనర్ అంటాం. పోర్టులో క్రేన్లు ఎత్తే ఇనప పెట్టెల ఆలోచనే ఇది, ఇనుము మాత్రం ఉండదు. ఆ పెట్టెను ఏ మిషన్ మీద పెట్టినా ప్రోగ్రాం ఒకేలా నడుస్తుంది. అయితే ఏ పెట్టె ఏ మిషన్ మీద ఉండాలో, ఒకటి పడిపోతే దాన్ని ఎవరు లేపాలో, ఒక మిషనే పోతే దానిమీది పెట్టెలు ఎక్కడికి వెళ్లాలో చూసుకోవడానికి మేస్త్రి లాంటి టూల్ ఒకటి కావాలి. కుబర్నెటీస్ అలాంటి మేస్త్రి. డాకర్ స్వార్మ్ కూడా అలాంటి మేస్త్రే. మొదటివాడు పెద్ద పెద్ద కట్టడాలు కట్టినవాడు, తనతో ఒక దండును తెచ్చుకుంటాడు. రెండోవాడు సైకిల్ మీద ఒక్కడే వస్తాడు. ఈ జ్ఞాపకానికి సాంకేతికం ఇంతవరకు చాలు.

మా కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాదులో ఉంది. విశాఖ బ్రాంచి అంటే సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు పై అంతస్తు, అందులో మేం కొద్దిమందిమి. బ్రాంచికి ఉన్న క్లయింటు ఒక్కరే. షీలానగర్ వైపు, పోర్టుకి వెళ్లే రోడ్డు పక్కన, బొగ్గూ సున్నపురాయీ నిల్వచేసే స్టాక్‌యార్డు అది. లోడు కోసం వచ్చే ప్రతి లారీకీ గేటు దగ్గర టోకెన్ స్లిప్పు ఇవ్వాలి. ఆ స్లిప్పు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. స్లిప్పు రాకపోతే జరిగే పనుల వరుస నాకు కంఠస్థం. లారీ ఆగుతుంది. వెనక లారీలు రోడ్డు మీదికి వస్తాయి. ట్రాఫిక్ పోలీసు యజమానికి ఫోన్ చేస్తాడు. యజమాని హైదరాబాదులో మా మేనేజరుకి చేస్తారు. మేనేజరు నాకు చేస్తారు. నేను అక్కకి చేస్తాను. అక్క ఎవరికీ చెయ్యదు, సమస్య సరిచేస్తుంది.

అక్క అంటే మా సీనియర్ ఇంజినీరు. సర్వర్లన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. కూర్మన్నపాలెంలో ఇల్లు, భర్తకు స్టీలు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం, కూతురు పదో తరగతి.

ఆ ఏడాది ఎండాకాలంలో యార్డులో ఉన్న పాత సర్వరు మూడు నాలుగుసార్లు చతికిలబడింది. యజమానికి విసుగొచ్చింది. దసరాకి కాంట్రాక్టు గడువు అయిపోతుందనీ, కొనసాగించాలో వద్దో పూజ అయ్యాక చెబుతాననీ ఆయన మేనేజరుతో తేల్చేశారు. మేనేజరు మాకు ఫోన్లో తేల్చారు. ఆ కాంట్రాక్టు పోతే విశాఖ బ్రాంచి మూసేస్తారు, అందరూ హైదరాబాదు రావాలి.

నాకు హైదరాబాదు అంటే ఒక సూట్‌కేసు, ఒక రైలు టిక్కెట్టు. అక్కని అడిగాను.

"రమ్మంటే వెళ్తావా అక్కా?"

"ఎలా ఎల్తాను రా? మీ బావ నైట్ షిఫ్టు దిగొచ్చీసరికి ఇంట్లో మనిషుండాల. పాపకి పది. ఉద్యోగం మానీసి ఇంట్లో కూకోడవే. ఇన్నేళ్లు సర్వర్లని తిట్టడం అలవాటైనదాన్ని. ఇంట్లో కూకుంటే ఆ తిట్లన్నీ మీ బావ పడాల. పాపం, ఆ మనిషి ఏటి సేసాడని?"

నవ్వుతూనే అంది. కానీ ఆరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

సరే, పాత సర్వరు స్థానంలో కొత్త ఏర్పాటు చెయ్యాలి. పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి, మేస్త్రి ఎవరన్నదే ప్రశ్న. నేను కుబర్నెటీస్ వైపు. అక్క స్వార్మ్ వైపు. నేను ఏ పనైనా పట్టిక వేసుకొని మొదలుపెట్టే రకం. కూరగాయలకి వెళ్లినా పాడయ్యేవి, పాడవనివి అని రెండు వరుసలు రాసుకుంటాను. ఈ విషయంలో ఇరవైకి పైగా అంశాలతో ఒక పట్టిక తయారుచేశాను. విస్తరించే శక్తి, భద్రత, వాడేవాళ్ల సంఖ్య, భవిష్యత్తు, ఇలా. ప్రతి అంశానికీ మార్కులు. కుబర్నెటీస్ డిస్టింక్షన్‌లో పాసైంది.

అక్క ఆ పట్టికని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివింది.

"బాగుంది తమ్ముడూ. నలుగురికి ఉప్మాకి కల్యాణమండపం బుక్ సేత్తన్నావ్."

"రేపు యార్డులు పది అయితే?"

"ముందు ఈ ఒక్కటీ ఉండనీ. అది పడిపోయిన రోజు నువ్వు సెలవులో ఉంటే నాను ఒక్కదాన్ని లేపగలనా లేదా? ఆ గడి ఏదీ నీ పట్టికలో?"

ఆ గడి లేదు. 'నిర్వహణ సౌలభ్యం' అని ఒకటి ఉంది గానీ అందులో అక్క లేదు.

వాదన తెగకపోతే మేనేజరు మధ్యేమార్గం చెప్పారు. రెండూ యార్డులోనే పెట్టండి, ఒక వారం ఇది, ఒక వారం అది నడపండి, దసరాకి ఏది నిలబడితే అది. యజమాని మిషన్లకి డబ్బు ఇస్తానన్నారు గానీ కొత్తవాటికి ఇస్తానని ఎవరూ అనుకోకూడదని కూడా అన్నారు. డాబాగార్డెన్స్ దుకాణాల్లో తిరిగి సెకండ్ హ్యాండ్ మిషన్లు ఐదు తెచ్చాం. గేటు గది పక్కనున్న చిన్న గదిలో ఇనప రాక్ ఒకటి ఉంది. పై అరలో కుబర్నెటీస్‌కి నా మూడు, కింది అరలో స్వార్మ్‌కి అక్క రెండు. టోకెన్ కిటికీలోని కంప్యూటరు నుంచి వచ్చే తీగ ఏ అరలో గుచ్చితే ఆ వారం ఆ అరదే ఉద్యోగం. ఐదింటికీ కలిపి మానిటర్ ఒకటి, కీబోర్డు ఒకటి. ఎప్పుడోగాని అవసరం రావు, మా పనంతా ల్యాప్‌టాప్‌ల నుంచే కదా అనుకున్నాం.

ఆ కిటికీలో కూర్చునే గేటు ఇన్‌చార్జి విశాఖ పాతబస్తీ మనిషి. అందరూ భాయ్ అంటారు. వాళ్ల తాతల కాలం నుంచి కురుపాం మార్కెట్ దగ్గర గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఈయన మాత్రం గడియారాల్లో దుమ్ము ఎక్కువని బొగ్గు యార్డులో చేరాడు. మా ఇద్దరు మేస్త్రీల పోటీ మీద ఆయన అభిప్రాయం అడిగాను.

"నాకేం తెలుస్తాది ఇంజినీరుబాబూ? నొక్కితే స్లిప్పొచ్చింది. మీ వారం వచ్చింది, మేడమ్ వారం వచ్చింది. ఇద్దరూ ఫస్టే. ఇద్దరికీ చాయ్ నాదే."

నిజంగానే తేడా లేదు. వారం వారం మారుతూ పోయాం, రెండూ దివ్యంగా నడిచాయి. ఇది నన్ను చాలా బాధపెట్టింది. పోటీ అన్నాక ఒకటైనా పడిపోవాలి కదా.

దసరా వారం నా వంతు వచ్చింది.

ఆయుధ పూజ అంటే నాకు తెలిసినంతలో మిషన్లకి బొట్టు పెట్టడం, దండ వెయ్యడం, కొబ్బరికాయ కొట్టడం. ప్రతి దసరాకీ సెలవులో ఉండే మా ఇద్దరికీ ఆ యార్డు పద్ధతి వేరని తెలియదు. యజమానిది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. వాళ్లింట్లో పండగనాడు నాగలికీ పలుగుకీ పూర్తి విశ్రాంతి. ఆయన ఆ నియమాన్ని యార్డుకి తెచ్చారు. ఆ ఉదయం కాటా, క్రేను, లైట్లు, సర్వర్లు, అన్నిటికీ విశ్రాంతి. మెయిన్ స్విచ్ తన చేత్తో దించుతారు. యూపీఎస్‌ని కూడా వదలరు, "పాపం అదీ పంజేత్తాది గదా" అంటారు. ముహూర్తానికి మళ్లీ తన చేత్తో ఎత్తుతారు. వెంటనే దండలు వేసిన మొదటి లారీ గేటు దాటాలి, దానికి స్లిప్పు మిషన్‌లోంచే రావాలి, చేత్తో రాసింది పనికిరాదు. అది ఏడాదికంతటికీ బోణీ. గత ఏడాదివరకు పూజ అందుకున్న పాత సర్వరుకి ఈ సెలవు అలవాటే. నా పట్టికలో 'కరెంటు పోతే' అన్న గడిలో 'యూపీఎస్ ఉంది' అని రాసి పక్కన టిక్కు కూడా పెట్టాను. యూపీఎస్‌కి సెలవిస్తే ఏమవుతుందన్న గడి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

మేం చేరేసరికి మెయిన్ స్విచ్ దించేశారు. అంతకన్నా ముందు భాయ్ తన ఏటా చేసే పని చేసేశాడు. కదపగలిగిన పరికరాలన్నిటినీ తెచ్చి అమ్మవారి పటం ముందు పీఠం మీద పేర్చాడు. స్పానర్లు, స్టాప్లరు, కాటా గుండ్లు, యజమాని ఫోను, చేతిగడియారం. వాటి మధ్యలో, నెత్తిన నిమ్మకాయ పెట్టుకొని, మా ఇంటర్నెట్ రౌటరు.

"భాయ్, అది..."

"చిన్నది కదా బాబూ, ఈజీగా వచ్చేసింది" అన్నాడు సంతోషంగా. నా భుజాన ల్యాప్‌టాప్ సంచి చూశాడు. "అరె, మీ ఆయుధం ఇదే కదా!" నేను నోరు తెరిచేలోగా అది కూడా పీఠం ఎక్కింది. అక్క ల్యాప్‌టాప్ అప్పటికే అక్కడ ఉంది, కుంకుమబొట్టుతో.

పంతులుగారు అందరికీ ఒక మాట చెప్పారు. పీఠం ఎక్కిన వస్తువు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. ఉద్వాసన మొదటి లారీ దాటాకే.

ముహూర్తం వచ్చింది. యజమాని స్విచ్ ఎత్తారు. యార్డంతా గుయ్యిమంది. లైట్లు వెలిగాయి, క్రేను కూత పెట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు. గేటు ముందు లారీ, బంతిపూల దండలతో, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలతో, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. భాయ్ కిటికీలో కూర్చొని బిస్మిల్లా అనుకొని మీట నొక్కాడు.

ఏమీ రాలేదు.

మళ్లీ నొక్కాడు. నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను. ఇద్దరం పక్కగదిలోకి పరుగెత్తినట్టు కనిపించకుండా పరుగెత్తాం.

మిషన్లన్నీ బతికే ఉన్నాయి, దీపాలు మిణుకుమంటున్నాయి. మానిటర్ తీగని నా మొదటి మిషన్‌కి గుచ్చాను. తెరమీద ఎర్రటి ఫిర్యాదు: సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు. అక్క తీగని లాగి తన మిషన్‌కి గుచ్చింది. అదే ఫిర్యాదు, మాటలు కొంచెం వేరు. రెండు టూల్సూ ఒకేసారి పడిపోయాయి. ఇన్ని వారాలుగా కోరుకున్న తేడా ఇప్పుడైనా రాలేదు.

"తేదీ సూడు" అంది అక్క.

చూశాను. ఆ మిషన్ దృష్టిలో అది నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కరెంటు లేనప్పుడు కంప్యూటరు తన గడియారాన్ని రూపాయి బిళ్లంత బ్యాటరీతో నడుపుకుంటుంది. సెకండ్ హ్యాండ్ మిషన్లలో ఆ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. యూపీఎస్ పుణ్యమా అని ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. మామూలుగా అయితే లేవగానే ఇంటర్నెట్‌ని అడిగి టైము దిద్దుకుంటాయి. ఇంటర్నెట్ నెత్తిన నిమ్మకాయతో పీఠం మీద ఉంది. ఒక మిషన్ని మరో మిషన్ నమ్మడానికి సర్టిఫికెట్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్లు మేం ఈ ఏడాది ఇచ్చినవి.

"పుట్టని పిల్లోడి ఆధార్ కార్డు చూపిత్తే ఎవడు ఒప్పుకుంటాడు?" అంది అక్క.

బయటనుంచి డ్రైవరు గొంతు వినిపించింది. "భాయ్, ఏటయ్యింది? నాను బండి స్టార్ట్ సేసి ఉంచాలా, ఆపీమంటారా? నిమ్మకాయల మీద నిలబెట్టీసినారు, ముందుకీ ఎల్లనీరు, ఎనక్కీ ఎల్లనీరు!"

"దో మినిట్ బావా. అమ్మవారు చూస్తున్నారు" అన్నాడు భాయ్.

"అమ్మోరు సూత్తన్నారు గానీ డీజిలు నాది గదా!"

యజమాని మేమున్న గది గుమ్మం దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. అదే భయంగా ఉంది. "ఏటమ్మా? నాగలి దున్నడానికి లెగలేదా?" అని అక్కని అడిగారు.

"లెగుస్తాది బాబుగారూ. ఒళ్లు విరుసుకుంటంది" అంది అక్క.

ఆయన తలూపి లారీ దగ్గరికి వెళ్లారు. అక్క మొహం చూశాను. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం ఆయన వెనకే లారీ దాకా వెళ్లాయి. పూజ అయ్యాక చెబుతానన్న మనిషి పూజ మధ్యలో నిలబడి చూస్తున్నాడు. ఆ స్లిప్పు రాకపోతే నాకు పోయేది ఒక రైలు టిక్కెట్టు ఖర్చు. ఆమెకు పోయేది ఉద్యోగం.

కీబోర్డు ఒక్కటే. ఆ వారం వంతు నాది, టోకెన్ కిటికీ తీగ నా అరలో ఉంది. నా మనసులో పట్టిక దానంతటదే తయారైపోయింది. నా వైపు: మూడు మిషన్ల గడియారాలూ దిద్దాలి, ఒక్కోదానికీ మానిటర్ తీగ మార్చాలి, కనీసం రెండు లేచి ఒకదాన్నొకటి గుర్తుపట్టి ఎవరు పెద్దో తేల్చుకోవాలి, ఆ తర్వాత దండులో ఒక్కొక్కరూ లేవాలి, ఆ తర్వాత మా పెట్టె. అక్క వైపు: ఒక్క మిషన్‌లో గడియారం దిద్దాలి, డాకర్‌ని ఒకసారి మళ్లీ లేపాలి. రెండో మిషన్ తర్వాత లేచినా నష్టం లేదు.

ఇరవై పైచిలుకు అంశాలకి వారాల తరబడి మార్కులు వేసినవాడిని. ఆ గుమ్మంలో నిలబడి, ఒక చేతిలో ప్రసాదం కొబ్బరిముక్కతో, కొబ్బరిముక్క నమిలేలోపే తేల్చేశాను.

"నువ్వు కొట్టు అక్కా. నేను తీగ మారుస్తాను."

"నీ కల్యాణమండపం?"

"ఉప్మా పెట్టేయ్ ముందు."

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. నేను రాక్ వెనక్కి దూరి, జుట్టు నెరిసినట్టయి మా నాన్న గుర్తొచ్చేంత దుమ్ములో, పై అరలోంచి తీగ పీకి కింది అరలో గుచ్చాను. బయటికొచ్చేసరికి తెరమీద పెట్టెలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. అక్క కిటికీవైపు తిరిగి అరిచింది. "భాయ్, నొక్కండి!"

ప్రింటరు గుర్రుమంది. అంత తియ్యని శబ్దం ఆ తర్వాత నేను వినలేదు. స్లిప్పు బయటికొచ్చింది. భాయ్ దాన్ని రెండు చేతులతో తీసి యజమానికి ఇచ్చాడు. ఆయన దాన్ని అమ్మవారి పటానికి తాకించి, కళ్లకి అద్దుకొని, అప్పుడు చదివారు. చదివి ఆగిపోయారు.

"పంతులుగారూ! ఇటు రండి. టైము సూడండి!"

తేదీ తప్పు పడిందా? వెళ్లి ఆయన భుజంమీదుగా చూశాను. తేదీ సరిగ్గానే ఉంది. టైము మాత్రం, పంతులుగారు ముందురోజు శుభలేఖలా అచ్చేయించి గేటుకి అతికించిన కాగితంలోని ముహూర్తం. అక్షరాలా అదే. అది గడిచిపోయి అరగంటకి దగ్గరగా అవుతోంది.

యజమాని గడియారమూ ఫోనూ పీఠంమీద ఉన్నాయి. ఎండలో నిలబడి ఎదురుచూసిన మనిషికి ఎంతసేపు నిలబడ్డాడో ఏం తెలుస్తుంది? పంతులుగారికి మాత్రం చేతికి గడియారం ఉంది. ఆయన స్లిప్పు చూశారు. గడియారం చూశారు. గదిలోంచి బయటికొస్తున్న అక్కని చూశారు. ఉత్తరీయం కొంగు నెమ్మదిగా గడియారం మీదికి లాక్కున్నారు.

"దివ్యంగా పడింది. సరిగ్గా ముహూర్తానికే" అన్నారు.

"మరే! నాకు లేటయిపోనాదనిపించింది. మనసుకలా అనిపిస్తాది గానీ మిషను అబద్ధం ఆడదు" అన్నారు యజమాని. డ్రైవరు ఏదో అనబోయాడు. భాయ్ అతని చేతిలో లడ్డూ పెట్టాడు. లారీ నిమ్మకాయల్ని తొక్కుకుంటూ గేటు దాటింది.

నేను అక్కని పక్కకి లాగాను. "నువ్వు నీ ఫోన్లో టైము చూడలేదా?"

"సూసాను."

"మరి?"

"సర్టిఫికెట్‌కి రోజు సరిపోతే సాలు తమ్ముడూ. నిమిషాలు మిగిలాయి. అవి ఎవరిక్కావాలో వాళ్లకిచ్చాను."

దీన్ని నేను ఒప్పుకోలేకపోయాను. రికార్డులో తప్పు టైము పడితే నాకు నిద్రపట్టదు. ఉద్వాసన అయ్యాక రౌటరు నిమ్మకాయ దించుకొని వచ్చి గడియారాలన్నీ దిద్దింది. మెయిన్ స్విచ్ మళ్లీ ఎవరూ దించకుండా అక్క దాని దగ్గర కాపలా ఉండగా నా మూడు మిషన్లని కూడా ఒక్కొక్కటిగా లేపాను. భోజనాల వేళకి అవి లేచి, ఏమీ జరగనట్టు, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో పచ్చదీపాలతో చూపించాయి. కానీ గేటు దాటిన టైముని లారీ జీపీఎస్ నుంచి తీసుకునే మా రిపోర్టులో మొదటి లారీ స్లిప్పు తీసుకొని, నాలుగడుగుల దూరంలోని గేటు దాటడానికి దాదాపు అరగంట పట్టినట్టు తేలింది. మర్నాడు మేనేజరు ఫోన్ చేశారు. నేను వివరణకి పాయింట్లు రాసుకొని కూర్చున్నాను. ఫోను అక్క అందుకుంది.

"ఆ మొదటి లారీ ఏమిటమ్మా, అరగంట గేట్లోనే ఉంది? డ్రైవరు టీకి వెళ్లాడా?"

"లడ్డూ తిన్నాడు సార్" అంది అక్క. అది నిజమే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేకపోయాను.

యజమాని ఆ వారంలోనే సంతకం పెట్టారు. ఈసారి ఒక ఏడాదికి కాదు, మూడేళ్లకి. ముహూర్తానికి బోణీ కొట్టిన కంపెనీని వదులుకోవడం మంచిది కాదన్నారట. అక్క ఆ కబురు విని డబ్బా తెరిచి, తన గుత్తొంకాయ కూర సగం నా మూతలో వేసింది.

టూల్ ఎంపిక మీద నివేదిక రాసే పని నాకు పడింది. స్వార్మ్ ఎంచుకున్నామని రాశాను. కారణాలు వరుసగా రాశాను: యార్డు చిన్నది, మిషన్లు పాతవి, మొత్తం పడిపోయినప్పుడు ఒక్క మనిషి ఒక్క కీబోర్డుతో లేపగలగాలి. మొదటిసారిగా నా జాబితా మూడు అంశాలతో ఆగింది. ముహూర్తం సంగతి రాయలేదు, దానికి ఏ శీర్షిక పెట్టాలో తెలియలేదు. ఐదు మిషన్లకీ కొత్త బ్యాటరీలు వేయించాను. రౌటరుని రాక్‌కి స్క్రూలతో బిగించాను, మళ్లీ దసరాకి భాయ్ ఎంత లాగినా రాకుండా. ఆ తర్వాత వేరే పెద్ద క్లయింటు వచ్చినప్పుడు, పదుల మిషన్లూ రాత్రింబవళ్లు చూసుకునే జట్టూ ఉన్నచోట, కుబర్నెటీస్ పెట్టాం. పట్టుబట్టింది అక్కే. "ఇది పెళ్లి తమ్ముడూ, ఉప్మాతో అవదు" అంది. కాబట్టి ఏది మంచిదని నన్ను అడగకండి. అది పడిపోయిన పూట దాని ముందు ఎవరు నిలబడి ఉంటారో, వాళ్ల చేతిలో ఏముంటుందో నాకు చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మొన్న దసరాకి మళ్లీ యార్డుకి వెళ్లాం. అన్నీ చక్కగా లేచాయి, ఎవరూ పరుగెత్తలేదు, చప్పగా ఉంది. పూజయ్యాక యజమాని కొత్తగా చేరిన సూపర్‌వైజరుని తన గదిలోకి తీసుకెళ్లి గోడ చూపిస్తున్నారు. ఆ స్లిప్పుకి ఆయన ఫ్రేము కట్టించి, అమ్మవారి పటం పక్కన పెట్టి, రోజూ పువ్వు పెడుతున్నారు. మా ప్రింటరు వేడితో అచ్చువేసే రకం, ఆ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. సాంబ్రాణి పొగా కిటికీ ఎండా కలిసి ఆ పని ఎప్పుడో పూర్తిచేశాయి. అద్దం వెనక ఉన్నది తెల్లకాగితం.

"సూడు. ముహూర్తానికే పడింది. నిమిషం తేడా లేదు" అంటున్నారాయన.

సూపర్‌వైజరు అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూసి, "అవునండీ" అన్నాడు.

యజమాని మావైపు తిరిగారు. "ఏటి ఇంజినీరుబాబూ, ఉందా తేడా?"

అక్క మోచేత్తో నన్ను పొడిచింది. నేను ఆ తెల్లకాగితాన్ని జాగ్రత్తగా, పైనుంచి కిందిదాకా పరిశీలించాను.

"లేదండీ. సరిగ్గా ఉంది" అన్నాను.